తూము దగ్గర బరువెక్కే సైకిలు

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే, మడ అడవి పక్కనే సముద్రపు కరకట్ట ఉంది. తెల్లారాక అక్కడ నడిచేవాళ్లు, సైకిళ్లు తొక్కేవాళ్లు, బైనాక్యులర్లతో పిట్టల్ని చూసేవాళ్లు కనిపిస్తారు. చీకట్లో మాత్రం ఆ కట్ట మంచిది కాదంటారు. పాత తూము దగ్గర ఏదో సైకిలు వెనక ఎక్కుతుందట... తిరిగి చూడకూడదట. చూస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు గనక.

ఇది షఫీక్ నాకు చెప్పిందే. రేపల్లెలో సైకిలు రిపేరు షాపు అతనిది. పిట్టలంటే పిచ్చి. 2006 జనవరిలో ఫారెస్టు వాళ్లకి పిట్టల్ని లెక్కపెట్టే మనిషి కావాల్సొచ్చింది.

"వెలుతురొస్తే పిట్టలు లేచిపోతాయి. తెల్లారేలోపు కట్ట చివరికి రావాలి. రాకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాం," అన్నాడు రేంజరు.

అప్పటికే ఆ పనికని బయల్దేరిన ఇద్దరు తూము దగ్గర్నుంచి వెనక్కొచ్చేశారు. షఫీక్‌కి ఆ ఉద్యోగం కావాలి. చాలా కావాలి.

ఐదింటికి తూము చేరాడు. అక్కడ కట్ట ఎత్తు. సైకిలు నెమ్మదించింది... వెనక చక్రం కుంగింది.

మెకానిక్కు కదా, ముందు గాలి దిగిందనుకున్నాడు. గాలి దిగితే రిమ్ము కొట్టుకుంటుంది. కొట్టుకోలేదు. బరువుంది — అంతే.

వెనక్కి మళ్లితే ఉద్యోగం పోతుంది. బిస్మిల్లా అనుకుని గట్టిగా తొక్కాడు. బరువు దిగలేదు. ఎవరిదో ఊపిరి వినిపించింది — తనది కాదు.

చెవి దగ్గర గుసగుస...

"కాస్త మెల్లగా పోనీ అబ్బాయ్. పీతలు జారిపోతన్నయ్."

బ్రేకు పడింది. తిరిగి చూశాడు. క్యారియర్ మీద అచ్చమ్మ, ఒళ్లో పీతల బుట్ట. తూము పక్కన గుడిసెలో ఉంటుంది, రేవులో పీతలమ్ముతుంది.

"ఏళ్ల తరబడి ఇట్టాగే ఎక్కుతున్నావా మామ్మా?"

"మోకాళ్లు పోయినయ్యి నాయనా. ఎవరూ వెనక్కి చూడరుగా. ఎవరికీ చెప్పమాక."

షఫీక్ చెప్పలేదు, నాకు తప్ప. వేళకి చేరాడు, ఉద్యోగం వచ్చింది. అప్పట్నుంచి అచ్చమ్మ రోజూ అతని సైకిలు మీదే దర్జాగా రేవుకి వెళ్తోంది.

మార్చిలో ఓ రోజు పిట్టల్ని చూద్దామని నేనూ చీకటితోనే బయల్దేరాను. తూము దగ్గర నా సైకిలు కుంగింది. నవ్వొచ్చింది.

"అచ్చమ్మా, బుట్ట జాగ్రత్త," అన్నాను కాస్త గట్టిగానే.

"పిలిచారా బాబూ?" అంది అచ్చమ్మ... చాలా ముందు నుంచి, షఫీక్ సైకిలు మీంచి.