మొదలంటా కాలిన కొవ్వొత్తి

శనివారం ఉదయం ఏడూ అయిదుకు ఊరి పోలీసు అధికారి మార్షల్ ఎర్సీలియా వోల్పే లొవాల్లో వాళ్ల ఇంటి ముందు జీపు దిగింది.

శవం అప్పటికే బయట ఉంది. వైన్ చేసే నేలమాళిగ, అంటే సెల్లార్, గుమ్మం పక్కన, పాత దుప్పటి మీద.

విటాంతోనియో లొవాల్లో. డెబ్బై ఒక్క ఏళ్లు. వుల్తురె కొండకి ఈ పక్కన అంత మంచి ఎర్ర వైన్ చేసే చెయ్యి ఇంకొకటి లేదని అతనితో పడనివాళ్లు కూడా ఒప్పుకునేవారు.

"పొంగు గాలి," అన్నారు గుంపులో ఎవరో. మిగతావాళ్లు తలలూపారు.

అక్టోబరు ఆఖరి వారం. తొట్లలో ద్రాక్షరసం పులిసి పొంగే రోజులు. ఆ పొంగులోంచి వచ్చే గాలికి రంగు లేదు. బరువుగా కిందికి దిగి నేలనంటి పడి ఉంటుంది. మనిషి అందులోకి దిగితే నాలుగు ఊపిరుల్లో కథ ముగుస్తుంది. అయిదారేళ్లకోసారి ఈ కొండ సెల్లార్లు ఎవరో ఒకరిని మింగుతూనే ఉంటాయి. ఊరు ఏడుస్తుంది. ఎవరినీ తప్పుపట్టదు. ఎర్సీలియా మేనమామ పోయింది కూడా అలాగే.

ఆమె శవం పక్కన గొంతుక్కూర్చుంది. కాళ్లకి ఉన్ని మేజోళ్లున్నాయి. బూట్లు లేవు. మడమల దగ్గర తెల్లటి పొడి. చెంపలు నిద్ర లేచిన పిల్లాడి చెంపల్లా గులాబీ రంగులో ఉన్నాయి.

"ముందు చూసిందెవరు?"

"నేనే." ముందుకొచ్చినవాడు సావెరియో, చనిపోయినాయన తమ్ముడు. అరవై నాలుగేళ్లు. పెళ్లి లేదు. బతుకంతా అన్నగారి నీడన, ఆ సెల్లార్ లోనే గడిచిపోయింది.

"ఎన్నింటికి?"

"ఆరూ ఇరవైకి. కింద, తొట్టి పక్కన పడి ఉన్నాడు."

"ఆయన ఎన్నింటికి దిగారు?"

"రాత్రి తొమ్మిదింటికి. తొట్టిలో రసం కలిపొస్తానని."

"అప్పుడు నువ్వు?"

"పడుకున్నా."

"బూట్లు లేకుండా దిగాడా మీ అన్న?"

సావెరియో అన్న కాళ్ల వంక చూశాడు. "బయటికి లాగేటప్పుడు ఊడిపోయుంటాయి."

ఏడూ నలభైకి కార్పోరల్ బెర్తోలి పొడవాటి కర్రకి కొవ్వొత్తి కట్టి సెల్లార్ మెట్ల మీదుగా కిందికి దించాడు. బెర్తోలిది ఉత్తరాది. కుర్రతనం, చదువు, కొత్త ఉద్యోగం, మూడూ ముఖం మీదే ఉన్నాయి. తొమ్మిదో మెట్టు దగ్గర మంట ఎవరో వేళ్లతో నలిపేసినట్టు ఆరిపోయింది.

"చూశారా!" అన్నారు జనం. దానితో వాళ్ల లెక్కలో కేసు ముగిసింది.

ఫైర్ సిబ్బంది ఫ్యాన్లు పెట్టి లోపలి గాలిని బయటికి తోడారు. ఎనిమిదీ ఇరవైకి ఎర్సీలియా కిందికి దిగింది. నల్లరాతిలో తొలిచిన గుహ అది. చిట్టచివర పెద్ద తొట్టి. పైన గోడలో గాలికన్నం, దానికి చెక్క తలుపు. ఇప్పుడు మూసి ఉంది. బూట్లు ఎక్కడా లేవు.

తొట్టి పక్కన, నేల మీద ఇనుప కొవ్వొత్తి స్టాండు ఉంది. అందులో కొవ్వొత్తి లేదు. గట్టిపడిన మైనం, మధ్యలో నల్లటి చుక్కలా వత్తి. అంతే.

"కాలిపోయింది," అన్నాడు బెర్తోలి.

"మొదలంటా కాలింది," అంది ఎర్సీలియా. "సంచిలో వేసి చీటీ అంటించు. జాగ్రత్త."

"కొవ్వొత్తన్నాక కాలిపోకుండా ఉంటుందా మార్షల్?"

"నువ్వు పీడ్మాంట్‌లో కరెంటు లైటు కింద పెరిగావు నాయనా. రాసుకో ముందు."

పైకి వచ్చేసరికి రొసాల్బా ఫోనులో మాట్లాడుతోంది. విటాంతోనియో ఒక్కగానొక్క కూతురు. వైన్ రుచి చూస్తూ ఊళ్లమ్మట నడిచే యాత్రికుల 'వైన్ దారి'లోకి ఈ ఇంటిని ఎక్కించింది ఆమే. గేటు మీద ద్రాక్షగుత్తి బోర్డు ఆమె తగిలించిందే: పదకొండో మజిలీ. సాయంత్రం అయిదింటికి డచ్చి వాళ్లు ఎనిమిది మంది నడిచి రావాల్సి ఉంది. వాళ్లని పన్నెండో మజిలీకి పొమ్మని చెబుతోంది. వంటింట్లో వాళ్ల కోసం ఉప్పుచేప గురువారం నుంచీ నానుతోంది.

ఫోను పెట్టేసి మార్షల్ చెయ్యి పట్టుకుంది.

"ఇది గాలి కాదు. బాబాయే."

"ఆ మాట ఎందుకంటున్నావమ్మా?"

"పోయిన ఆదివారం ఊరంతా విన్నారు, అడగండి. అపరిచితుల్ని సెల్లార్‌లోకి దింపితే నీ చావు అందులోనే అని నాన్న ముఖం మీదే అన్నాడు. నాన్న నవ్వాడు. మీరూ వినే ఉంటారు."

ఎర్సీలియా కూడా విన్నది. ఊళ్లో వైన్ కొట్టులో వినని చెవి లేదు.

"నిన్న రాత్రి నాన్న ఎక్కడ పడుకున్నారు?"

"కొత్త గదిలో. ఇవాళే కదా మొదటి అతిథులు. కొత్త గదిలో ముందు ఇంటి యజమాని ఒక రాత్రి పడుకోవాలిగా. పరాయివాడిని ముందు పడుకోబెడితే ఇంటికి మంచిది కాదు. ఎనిమిదిన్నరకి నేనే దుప్పట్లు ఇచ్చి మా ఇంటికి వెళ్లా. ఇంక తొమ్మిదింటికి తొట్టి కలపడం ఏమిటి? అబద్ధం ఆడుతున్నాడు, మార్షల్ గారూ."

తొమ్మిదీ పదిహేనుకి ఎర్సీలియా కొత్త గదిలో ఉంది. ఒకప్పటి పాత వంటగది అది. గోడలకి కొత్త వెల్ల. వేలితో రాస్తే వేలికి అంటుతోంది. మంచం కింద బూట్లు జతగా ఉన్నాయి. మంచం మీది దుప్పటి సర్ది ఉంది. పొయ్యిగూట్లో ఇత్తడి కుంపటి ఉంది. కడిగి, తుడిచి పెట్టారు. ఎక్కడా బూడిద లేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని చేతిని పొగగొట్టంలోకి పైదాకా పోనిచ్చింది. వేళ్లకి గడ్డిపరక ఒకటి, గోనె నార ఒకటి తగిలాయి.

అలాగే కూర్చుండిపోయింది. ఆమెకి అంతా తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండుననిపించింది.

గుమ్మంలో అస్సుంతా నిలబడి ఉంది. విటాంతోనియో భార్య. నల్లబట్టల్లోకి అప్పుడే మారింది. నలభై ఆరేళ్ల కాపురం.

"ఏమన్నా కావాలా మార్షల్ గారూ? కాఫీ పెట్టనా?"

"వద్దమ్మా. గదికి వెల్ల ఎవరు వేశారు?"

"నేనే. మొన్న గురువారం రెండో పూత."

ఎర్సీలియా ఇంకేమీ అడగలేదు. ఈ కొండ మీద వెల్ల వేసే ప్రతి ఆడమనిషి ముందు చేసే పని ఒకటుంది. గోనెసంచిలో గడ్డి కూరి పొగగొట్టంలో బిగిస్తుంది. తడి గోడల మీద మసి రాలకుండా. ఎర్సీలియా తల్లి కూడా బిగించేది. తీయడం మర్చిపోతే మొదటి మంటకే గదంతా పొగ కమ్మి ఇల్లు దగ్గుతుంది, అందరూ నవ్వుకుంటారు. అంతకు మించి ఏమీ కాదు. కట్టెలైతే.

పొద్దున వచ్చి శవాన్ని చూసి వెళ్లిన డాక్టరు పదిన్నరకి ఫోను చేశాడు.

"ఒక మాట దాచానమ్మా. దాచడమంటే, నాకే అర్థం కాక ఊరుకున్నా. పొంగు గాలికి పోయినవాడి ముఖం నీలంగా ఉంటుంది. ఇతనిది గులాబీ రంగు. వీపు కూడా అంతే."

"బొగ్గు గాలి?"

"కార్బన్ మోనాక్సైడ్. పోస్టుమార్టం చెబుతుంది కానీ, నేను ఇప్పుడే పందెం కాస్తా. శవాన్ని తీసుకెళ్లే బండి పన్నెండింటికి వస్తుంది, మెల్ఫీ ఆసుపత్రికి తీసుకెళ్తారు."

పదకొండింటికి ఆమె వంటింటి తలుపు మూసింది. లోపల సావెరియో, రొసాల్బా, గోడకి ఆనుకుని బెర్తోలి. శవాన్ని ఇంట్లోకి చేర్చాక అస్సుంతా ముందుగదిలో భర్త పక్కనే ఉంది. ఆమెని కావాలనే పిలవలేదు.

కొవ్వొత్తి స్టాండుని బల్ల మీద పెట్టింది.

"సావెరియో, ఇది ఎన్ని గంటలు కాలుతుంది?"

సావెరియో దాని వంక చూసి కళ్లు దించుకున్నాడు.

"అయిదు."

"పొంగు గాలిలో?"

సావెరియో కుర్చీ వెనక్కి జరిపాడు.

"బెర్తోలీ, నువ్వు దించిన కొవ్వొత్తి ఏమైంది?"

"ఆరిపోయింది." అని కుర్రాడు ఆగాడు. ముఖం మారింది. "అయితే... మనిషిని చంపే గాలుంటే ముందు కొవ్వొత్తే ఆరిపోవాలి."

"అందుకే కదా సెల్లార్‌లోకి కొవ్వొత్తి పట్టుకెళ్లేది. ఇది మనిషి పక్కనే, నేల మీద, అయిదు గంటలు వెలిగింది. అంటే రాత్రంతా గాలికన్నం తెరిచే ఉంది, కొవ్వొత్తి ఆరాకే దాన్ని మూశారు. ఆ సెల్లార్ నిన్న రాత్రి ఎవరినీ చంపలేదు."

రొసాల్బా లేచింది. "చెప్పానా? చెప్పానా నేను!"

"అవును," అన్నాడు సావెరియో. "నేనే చంపాను. అది చెప్పేది నిజమే. రాసుకోండి. పదండి పోదాం."

"ఎలా చంపావు?"

"చంపాను. ఎలాగైతే ఏంటి?"

"కూర్చో." ఎర్సీలియా గొంతులో కోపం లేదు. "మీ అన్న మేజోళ్లకి సున్నం ఉంది. సెల్లార్‌లో సున్నమెక్కడిది? నల్లరాయి. ఆయన కొత్త గదిలో పోయాడు. తెల్లగోడలకి పొగ చూరుతుందని కట్టెలు వద్దనుకున్నాడు, కుంపట్లో బొగ్గు నిప్పులు పెట్టుకున్నాడు. బొగ్గుకి పొగ రాదు. గాలి పైకి పోతుందనుకున్నాడు. పోలేదు. నువ్వు ఎన్నింటికి చూశావు?"



"పదకొండూ నలభైకి," అన్నాడు సావెరియో. "తలుపు కింద వెలుతురు కనపడింది. ఇంకా పడుకోలేదేంటి, ఆదివారం మాటకి నా మీద కోపమేమో, ఒక మాట మాట్లాడదామని వెళ్లా."

"పొగగొట్టంలో ఉన్నది తీసి తగలబెట్టావు. కుంపటి కడిగావు. అన్నని భుజం మీద వేసుకుని దింపావు. బూట్లు మర్చిపోయావు. ఎందుకు? గుండె ఆగిందని మంచం మీదే వదిలేస్తే సరిపోయేది కదా."

"కుంపటి పక్కన మనిషి పోతే ముందు అందరూ పొగగొట్టం వైపే చూస్తారు మార్షల్. ముందు చూసేది వదిన. తొట్టి పక్కన పోతే ఎవరూ ఏమీ అడగరు."

"కొవ్వొత్తి సంగతి? నలభై ఏళ్లు సెల్లార్‌లో పనిచేసినవాడివి. సగంలో ఊదేసి ఉంటే నేను కూడా నమ్మి వెళ్లిపోయేదాన్ని. నీకు తెలియదా?"

"ఎందుకు తెలియదు! తెల్లవారుజామున దాని ముందే కూర్చుని అదే అనుకున్నా. ఊదెయ్యరా సావెరియో, ఊదెయ్యి అని." అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "శవం దగ్గర వెలుగుతున్న దీపాన్ని ఎవరు ఊదుతారమ్మా? అది దానంతటదే కొండెక్కాలి. మా అన్న అతను. చెయ్యి రాలేదు."

బెర్తోలి రాయడం ఆపేశాడు. రొసాల్బా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఉదయం నుంచీ తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి తగులుతున్నాయి.

"బాబాయ్..."

"పొగగొట్టంలో ఏముంది?" అడిగాడు బెర్తోలి మెల్లగా.

"గోనెసంచి," అన్నాడు సావెరియో వెంటనే. "నేను కుక్కిందే. గురువారం. తీయడం మర్చిపోయా. అలా రాయండి."

"గురువారం నువ్వు తోటలో ఉన్నావు సావెరియో," అంది తలుపు దగ్గర గొంతు.

అస్సుంతా. తలుపు ఎప్పుడు తెరిచిందో ఎవరూ చూడలేదు.

"వదినా, నువ్వు లోపలికి వెళ్లు."

"నేను కుక్కాను. రెండో పూత ఆరనీ, తీద్దాంలే అనుకున్నా. ఆయన కుంపటి అడిగితే నిప్పులు కూడా నేనే ఎత్తి ఇచ్చా. జలుబు చేస్తుంది, తలుపు గట్టిగా వేసుకోమని కూడా చెప్పా." ఆమె ఏడవడం లేదు. అది చూడ్డానికి ఏడుపు కన్నా కష్టంగా ఉంది. "పొద్దున్న అందరూ సెల్లార్ దగ్గర అరుస్తుంటే నేను ఆ గదిలోకి వెళ్లా. బూట్లు కనపడ్డాయి. పొయ్యిగూట్లో చెయ్యి పెట్టి చూశా. సంచి లేదు. నేను తీయలేదు కదా. మరి ఎవరు తీస్తారు?"

"అప్పట్నుంచీ తెలుసా నీకు?" సావెరియో తలెత్తాడు. "మరి ఒక్క మాట..."

"నువ్వు నాకోసం అంత కష్టపడి కట్టిన అబద్ధం. ఎలా పడగొట్టను? కానీ హంతకుడినని నీ నోటితో అంటుంటే ఎలా వింటూ కూర్చోను?"

ఆమె మరిది దగ్గరికి నడిచింది. కూర్చున్న అతని తలని రెండు చేతులతో పట్టుకుని తన నడుముకి ఆనించుకుంది. అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"తప్పు నాది. మోస్తాను. అది నేను మోయలేనని నువ్వెందుకనుకున్నావు?" అంది. "కానీ ఒకటి మాత్రం నీ వల్ల పోయింది సావెరియో. అయిదు గంటలు ఆయన పక్కన కూర్చున్నావు. నేను పైగదిలో పడి నిద్రపోతున్నా. ఆ రాత్రి నాది. నలభై ఆరేళ్లు పక్కన పడుకున్నదాన్ని. నన్ను లేపాల్సింది."

రొసాల్బా వచ్చి ఇద్దరినీ కలిపి పట్టుకుంది.

"బండి ఎన్నింటికి వస్తుంది మార్షల్ గారూ?" అడిగింది అస్సుంతా.

"పన్నెండింటికి."

అస్సుంతా గోడ గడియారం చూసింది. పదకొండూ పాతిక. తల ఊపి, ముందుగదిలోకి వెళ్లి, భర్త పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఎర్సీలియా బయటికి వచ్చింది. శవాన్ని కదిపినందుకు, పోలీసులకి అబద్ధం చెప్పినందుకు సావెరియో మీద రిపోర్టు రాయాలి. రాస్తుంది. జడ్జి ఏమంటాడో జడ్జి ఇష్టం. ఎండ కాస్తోంది. కొండ దారి కిందిదాకా పొడిగా, శుభ్రంగా కనబడుతోంది.

ఫోను తీసి మెల్ఫీ ఆసుపత్రికి కలిపింది.

"మార్షల్ వోల్పేని. బండి బయల్దేరిందా? వెనక్కి పిలవండి. దారిలో రాళ్లు విరిగిపడ్డాయి. లేదు, సాయంత్రం కూడా కుదరదు. రేపు పొద్దున్న పంపించండి."

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఫోను జేబులో పెట్టుకుని, గేటు దగ్గర ఇంకా నిలబడి ఉన్న జనాన్ని ఇళ్లకి పొమ్మంది.