గట్టు మీద కేక

ఆ పొద్దున తవిటమ్మ గంజన్నం పోసి, ఎండుచేప కాల్చి మొగుడి ముందు పెట్టింది. సూరయ్య తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, కొడవలి భుజాన వేసుకుని చేనుకి వెళ్లిపోయాడు. ఉప్పు చాలిందో లేదో కూడా చెప్పలేదు. అడిగే అలవాటు ఆవిడకీ పోయింది. వాకిట్లో నిలబడి అతని వీపు కనిపించినంత దూరం చూసింది గానీ పిలవలేదు. పనికి పోయే మగాణ్ణి ఆడది వెనక నుంచి పిలవకూడదు. సముద్రం మీదికి పోయేవాళ్ల ఇంట పుట్టిన ఆడపిల్లకి తల్లి ఉగ్గుపాలతో చెప్పే మాట అది. బతుకు సముద్రం వదిలి వరిమడిలోకి వచ్చినా ఆవిడ ఆ నియమం వదల్లేదు.

అండమాన్ దీవుల్లోని డిగ్లీపూర్‌లో అడవి కొట్టుకున్నవాడికి సర్కారు భూమి ఇస్తుందని వినగానే, సూరయ్య శ్రీకాకుళం తీరంలో వలలు వదిలేసి, తోటి పడవవాడు అప్పయ్యతో కలిసి ఓడెక్కేశాడు. నాగలి ఎటు పట్టాలో తెలియదు. కాళ్లకి పట్టిన జలగలు పీకి పారేస్తూ, ఏళ్ల తరబడి మొద్దులు తవ్వి తీస్తూ, పక్కవాళ్లని చూసి నేర్చుకున్నాడు. మడి చదునయ్యేసరికి నడుం వంగిపోయింది. చుట్టూ బెంగాలీ ఇళ్లే. తెలుగు మాట వినాలంటే పక్క చేనులో అప్పయ్య ఒక్కడే దిక్కు.

వరి పండే రోజుల్లో పొద్దు వాలితే చాలు, జింకలు చేనులో పడతాయి. వాటిని తోలేసి సూరయ్య గట్టెక్కి "ఓయ్" అని కేకేసేవాడు. అవతలి గట్టు మీంచి అప్పయ్య "ఓయ్" అని పలికేవాడు. అప్పుడు గానీ ఇద్దరూ ఇళ్లకి తిరిగేవాళ్లు కాదు. చేపల వేటకెళ్లిన పడవల ఆచారం అది; పక్క పడవ పలికేదాకా ఒడ్డుకి మళ్లకూడదు. నిరుడు అప్పయ్య చేను వదిలేసి పోర్ట్ బ్లెయిర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. సూరయ్య కేక మాత్రం ఆగలేదు. పలికేవాడు లేక మసక చీకటి దాకా అక్కడే నిలబడి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో తవిటమ్మ అనే మనిషి ఒకతి ఉందని అతనికి గుర్తుందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

అందుకే, పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో పని చేసే కొడుకు గణేశ్వరరావు ఆ పూట వచ్చి, "సామాన్ కట్టమ్మా, రేపటి ఓడకి పోదాం" అనగానే ఆవిడ మారుమాట లేకుండా అటక మీది ట్రంకుపెట్టె దించింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన సూరయ్య పెట్టె చూశాడు.

"ఏటిది?"

"మా క్వార్టర్‌లో గది ఖాళీగానే ఉంది నాన్నా. పిల్లలు మిమ్మల్నే అడుగుతున్నారు. ఈ మొండి జిద్దు వదిలెయ్."

"సేను కోతకొచ్చింది. ఇప్పుడెలాగొస్తాను?"

"కోతయ్యాక దుక్కులంటావు, దుక్కులయ్యాక నాట్లంటావు. ఊళ్లో నిన్ను పాగల్ అంటున్నారు, తెలుసా? మనిషి లేని చేనుకి కేకలేస్తున్నావంట."

సూరయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. "నీకు కూడెట్టిన సేనురా అది."

"కాదన్నానా? ఆ చేను పక్కనే అమ్మ కూడా ఉంది కదా. ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయింది?"

సూరయ్య భార్య వైపు తిరిగాడు. "నువ్వూ ఎల్తావేటి?"

"ఎల్తాను," అంది తవిటమ్మ. ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా గొంతులోకి వచ్చేసింది. "అడివి కొట్టినప్పుడు మొద్దులతో మాటాడినావు. తరవాత గేదెలతో. సందేళయితే అప్పయ్యతో. నా వొంతు ఎప్పుడొచ్చింది? ఈ ఇంట్లో పొయ్యికీ నాకూ తేడా ఏటి?"

అతను కంచం పక్కకి తోశాడు. "ఎల్లు మరి," అని లేచి, సగం అన్నం వదిలేసి చేనుకి పోయాడు.

గణేశ్వరరావు టిక్కెట్ల కోసం జెట్టీ వైపు వెళ్లాడు. తవిటమ్మ చీరలు మడత పెడుతూ కూర్చుంది. పెట్టెలో మొగుడి పంచె ఒకటి తగిలింది. తీసి పక్కన పెట్టింది. మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

పొద్దు వాలింది. "ఓయ్" అని వినిపించింది.

కాసేపటికి ఇంకోసారి. ఆ గొంతు జింకల్ని తోలేవాడిది కాదు, నడి సముద్రంలో ఒంటరిగా మిగిలినవాడిది. రేపటి నుంచి ఇంట్లో దీపం కూడా ఉండదు ఇతనికి, అనుకుంది తవిటమ్మ. పెట్టె అలాగే వదిలేసి, కలుపు మొలిచిన అప్పయ్య గట్టు వైపు పడుతూ లేస్తూ నడిచింది. పిలవకూడదని అమ్మ చెప్పింది నిజమే. పలకకూడదని ఎవరూ చెప్పలేదు కదా.

"ఓయ్," అంది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ అరవలేదు.

అవతల వరి కదిలింది. పండిన చేనులో పరాయి కాలు పెడితే చంపేసేంత పని చేసే మనిషి, గట్టు దిగి, కంకులు తొక్కుకుంటూ అడ్డంగా వచ్చేస్తున్నాడు.

"ఎవులది?"

"నానే."

సూరయ్య ఆగిపోయాడు. "ఇన్నాళ్లూ పలకనేదేటే?"

"నువ్వు పిలిసింది అప్పయ్యని కదా."

"అప్పయ్య ఎల్లిపోనాడని నాకు తెల్దేటి?" అన్నాడతను. "ఆ కేక నీ వాకిట్లోకే ఇనపడతాది. ఇంటికొచ్చి నీ మొగం సూసి మాటాడ్డం నాకు సేతకాదే. గట్టు మీదయితేనే గొంతు వొస్తాది."

తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత ఒంటరిగా ఉన్నానని తను ఏడ్చిందో, అంత ఒంటరిగానే అతనూ ఉన్నాడు, చేనుకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ముసలితనం రావలసి వచ్చింది.

టిక్కెట్లతో తిరిగొచ్చిన గణేశ్వరరావు వాకిట్లోనే నిలబడిపోయాడు. గట్టు మీద ఇద్దరూ వస్తున్నారు. నాన్న ఏదో చెబుతూనే ఉన్నాడు. కొడుకు లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె ఎత్తి అటక మీద పెట్టేశాడు.

"పొద్దున గంజిలో ఉప్పు తక్కువైంది," అంటున్నాడు సూరయ్య.

తవిటమ్మకి ఏడుపు ఆగలేదు.