212 తర్వాత 222

శవాన్ని తీసుకోవాలి. ఇంట్లోవాళ్లకు చెప్పాలి. తమ్ముడి గది ఖాళీ చేయాలి. వాణ్ణి చంపినవాణ్ణి నలుగురిలో నిలబెట్టాలి.

మొదటి మూడూ హరిత ఏడవకుండా చేసింది. నాలుగోదాని కోసం ఢిల్లీ జనక్‌పురిలో ప్రైవేట్ డిటెక్టివ్ మైథిలి ఇంటి బెల్ కొట్టింది.

"న్యాయం, నష్టపరిహారం అవేవీ నాకొద్దక్కా. మళ్లీ తలెత్తకుండా చెయ్యాలి వాణ్ణి."

"ఎవర్ని?"

"అది తెలిస్తే మీ దాకా ఎందుకొస్తాను?"

తమ్ముడు కిరణ్‌కుమార్ ఘాజియాబాద్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్. సరుకు మోసే లోడర్లతో కలిసి రాత్రి షిఫ్టు. హిందీ అంతంతమాత్రమే. అక్కడ చల్లదనానికి అమ్మోనియా గ్యాస్ వాడతారు. గాలిలో అది ఎంతుందో గంటగంటకూ మీటర్ చూసి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించడం అతని పని. మే పదకొండు తెల్లవారుజామున గ్యాస్ లీకైంది. వాల్వ్ పక్కన అతను శవమై దొరికాడు.

కంపెనీ రిపోర్ట్ ఒక్క పేజీ. అందులో ఒక చార్ట్. నీలం గీత ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగింది. కింద మూడు వాక్యాలు.

"ఆ రాత్రి రీడింగులు లేవు. ఆపరేటర్ నిద్రపోయాడు. నిద్రమత్తులో తప్పు వాల్వ్ తిప్పాడు."

కిరణ్ కాక ఆ షీట్ తెరిచే పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. మేనేజర్ రాజీవ్. గుంటూరు నుంచి వచ్చిన డేటా అనలిస్ట్ సాయిచరణ్.

మైథిలి మొదట సాయిచరణ్‌ను కూర్చోబెట్టింది. హరిత గోడకానుకుని నిలబడింది.

"చార్ట్ గీసింది నువ్వేనా?"

"నేనేనండి."

"రాత్రంతా రీడింగుల్లేవు. మరి గీత తెగలేదేం?"

"షీట్‌లో ఏది కనపడితే అదే చార్ట్‌లోకి వచ్చిద్దండి. మధ్యలో ఖాళీ గడి లేదు. అందుకే కలిసిపోయింది."

"కిరణ్ నిద్రపోయాడంటే నమ్మావా?"

అతను తల దించుకున్నాడు. "ఉద్యోగం కదండీ..."

"వాడిదీ ఉద్యోగమే," అంది హరిత.

తర్వాత రాజీవ్. ఘాజియాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. హిందీలో మొదలెట్టాడు.

"దేఖియే మేడమ్, పోయినవాడి గురించి చెడ్డగా చెప్పకూడదు."

"ప్రమాదం తర్వాత షీట్ తెరిచారా?"

"ముట్టుకోలేదు. అదంతా సాయిచరణ్ పని."

"కిరణ్ ఎలాంటివాడు?"

"దిమాగ్ పని మీద ఉండేది కాదు. ఆఫీసు షీట్‌లో కూడా వాసనా, వాసనా అని రాసుకున్నాడు. ఛీ! అక్కగారి ముందు ఏం చెప్పను?"

హరిత పిడికిలి బిగుసుకుంది. మైథిలి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

"ఆగు. వాడి మెడ వాడే ఇచ్చాడు."

శుక్రవారం ఉదయం విచారణ కమిటీ కూర్చుంది. తలుపు దగ్గర ఎస్సై. మైథిలి షీట్‌ను ప్రొజెక్టర్ మీద వేసింది.

"ఎడమ అంచున ఎక్సెల్ తనంతట తనే వేసే వరుస నంబర్లు చూడండి. 212. దాని కింద?"

"222," చైర్మన్ చదివాడు.

"కిరణ్ ఏమీ రాయకపోతే 213 ఉండాలి. రాశాడు. ఈ షీట్‌కు హెడ్ ఆఫీసు లాక్ వేసింది. రాసింది చెరపడం కుదరదు, వరుసను దాచడం కుదురుతుంది. దాచినదాన్ని చార్ట్ కూడా చూపించదు. హరితా, మౌస్ తీసుకో."

హరిత ఆ రెండు వరుసలూ కలిపి ఎంచుకుంది. రైట్ క్లిక్. అన్‌హైడ్.

తొమ్మిది వరుసలు తెరుచుకున్నాయి. పక్కనున్న చార్ట్‌లో నీలం గీత నిటారుగా లేచింది. 40. 90. 180. 310. మైథిలి గీసి ఉంచిన ఎర్రటి ప్రమాద రేఖను దాటిపోయింది. వరుస వరుసకూ రిమార్క్స్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఒకే తెలుగు మాట. వాసన.

"బంద్ కరో!" రాజీవ్ లేచాడు.

"బైఠ్," అంది హరిత. మర్యాదకైనా జీ లేదు, ఆప్ లేదు.

అతను కూర్చున్నాడు.

"తెలుగులో వాసన అంటే ముక్కుకు తగిలేది," అంది మైథిలి. "హిందీలో వాసనా అంటే కామం. సాయిచరణ్ ఇది చూసి ఉంటే గ్యాస్ వాసన అనుకునేవాడు. రాజీవ్ గారు బూతు అనుకున్నారు. కానీ ఆ మాట షీట్ మొత్తంలో ఈ తొమ్మిది వరుసల్లోనే ఉంది. కిరణ్ పోయిన రాత్రివి. ముట్టుకోనివారికి ఎలా తెలిసింది?"

రాజీవ్ తలుపు వైపు చూశాడు.

చివరి వరుసను హరితే చదివింది. తెలుగులో ఒకసారి, రాజీవ్ కళ్లలోకి చూస్తూ హిందీలో ఒకసారి.

"వాసన. సార్‌కి ఫోన్ చేశా. ప్లాంట్ ఆపొద్దన్నారు. లోడర్లను బయటికి పంపేశా. వాల్వ్ మూయడానికి వెళ్తున్నా."

ఎస్సై ముందుకొచ్చాడు. ఎవరో ప్రొజెక్టర్ ఆపబోయారు.

"ఉంచండి," అంది హరిత. "దాని ముందు నుంచే నడవాలి వాడు."

నడిచాడు. ఎర్ర గీత వెలుగు అతని మొహం మీద పడింది. ఆమె రెప్ప వేయకుండా చూసింది.

చదివినవారికి ఒక మనవి. ఆ తెల్లవారుజామున లోడర్లందరూ గేటు దాటి బతికారు. వాళ్లలో తెలుగు తెలిసినవాడు ఒక్కడూ లేడు. భుజాలు పట్టి వాళ్లను బయటికి తోసినవాడి పేరు కిరణ్‌కుమార్. దయచేసి గుర్తుంచుకోండి.