రాజా గుంజకు కట్టిన దుడ్డె

ఉప్పుగూడ స్టేషన్‌లో తెల్లవారి రైలు కూత పెట్టేసరికి ఆండాలు రెండో బర్రె పాలు పిండుతోంది. భర్త మైసయ్య ఉన్నప్పుడు ఆ కొట్టంలో పద్దెనిమిది బర్రెలుండేవి. ఇప్పుడు మిగిలింది రెండు బర్రెలు, మోతీ అనే మగ దుడ్డె. నాలుగు రోజుల్లో సదర్. దీపావళి వెళ్లాక పాలవాళ్లంతా తమ దున్నపోతులను సింగారించి బజారులో తిప్పే పండుగ. ఈసారి మోతీని తీసుకుపోవాలని ఆండాలు నెల రోజులుగా దాని ఒంటికి నూనె రాస్తోంది.

కొడుకు గోవర్ధన్ పళ్లు తోముకుంటూ వచ్చాడు.

"అమ్మా, కార్వాన్ బాబురావు కాక పది గంటలకొస్తడు. మోతీని చూస్తనన్నడు."

"చూడనియ్. చూసినందుకు టికెట్ వెడ్తమా?"

"కొననీకొస్తుండు."

పాలధార ఆగిపోయింది. ఎందుకు అమ్ముతున్నాడో ఆమెకు తెలుసు.

గోవర్ధన్ ఫోన్‌లో డబ్బులు పెట్టి పోకర్ పేకాట ఆడతాడు. తెలంగాణలో ఆ యాప్ నడవదని శనివారం శనివారం కర్ణాటకలోని బీదర్‌కు బస్సెక్కి, అక్కడ లాడ్జిలో కూర్చుని ఆడతాడు. రెండేళ్లు పెద్ద పందేల టేబుల్ మీద ఆడాడు. వరసగా ఓడిపోయి మొన్న ఎండాకాలంలో చిన్న పందేల టేబుల్‌కు దిగాడు. అప్పట్నుంచి ఇంట్లో అతని నవ్వు వినబడలేదు.

"పెద్ద టేబుల్ కాడ ఓడినప్పుడు గూడ గింత మొఖం మాడ్చుకోలే అత్తమ్మా," అంది కోడలు సోనీ, గడ్డి మోపు దించుతూ. "ఇప్పుడు గెల్చొచ్చినా అన్నం మీదికి చెయ్యి పోదు."

"మోతీని అమ్మి మళ్ల పెద్ద టేబుల్ ఎక్కుతవా?" ఆండాలు లేచి నిలబడింది. "చిన్న దాంట్ల ఏమైంది నీకు? ముళ్లున్నయా?"

"నీకు తెల్వదమ్మా. గాడ ఎవ్వనికీ ఆటంటే ఫికరే లేదు. చాయ్ తాగనీకొచ్చినట్టు కూసుంటరు. నేనొచ్చినా ఒకటే, పోయినా ఒకటే. పెద్ద టేబుల్ కాడ నేను కూసున్ననంటే అందరు ఆగి చూస్తుండె. 'రాజా వచ్చిండు' అని చాట్‌ల రాస్తుండె."

"రాజానా? గాయనెవరు?"

గోవర్ధన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సోనీయే చెప్పింది.

"గా ఆటల ఈయన పెట్టుకున్న పేరు అత్తమ్మా."

ఆండాలు చూపు కొట్టం మూలనున్న గుంజ మీదికి పోయింది. రాజా అంటే మైసయ్య దున్నపోతు. అది సదర్ బజారులో అడుగుపెడితే డప్పులు ఒక్క క్షణం ఆగేవి. "రాజా వచ్చిండు!" అని జనం కేక పెట్టేవారు. మైసయ్య భుజం మీద పిల్లవాడైన గోవర్ధన్ చేతులు ఊపేవాడు. మైసయ్య పోయిన నెలకే ఆమె రాజాను అమ్మేసింది. ఇంటర్ పరీక్ష రాసి వచ్చిన కొడుకు ఖాళీ గుంజను చూశాడు. ఏమీ అడగలేదు. పదకొండేళ్లుగా ఆ గుంజకు ఇంకే పశువునూ కట్టలేదు.

"నీకు చెప్పకుండ అమ్మిన బిడ్డా," అంది ఆండాలు. "చెప్తే ఏడుస్తవనుకున్న. నువ్వేమనకపోతే మర్చిపోయినవనుకున్న."

"యాడ మర్చిపోత?" అన్నాడు గోవర్ధన్. "గా కేక ఇంకొక్కసారి ఇనాల్నని..."

ఆండాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పద్దెనిమిది బర్రెలకెల్లి నేను రెండిటికి దిగిన. మొదటి పొద్దు అలవాటుల పెద్ద క్యాను వెట్టుకోని కూసున్న. పాలు అడుగుకు గూడ సరిపోలే. గప్పుడు ఏడ్సిన సూడు, బర్రె గూడ బెదిరింది."

"మరెట్ల ఊకున్నవ్?"

"ఊకునుడేంది? తెల్లారి చిన్న గిన్నె తెచ్చుకున్న."

ఆమె మోతీని విప్పి రాజా గుంజకు కట్టింది. "అమ్ముతనంటే నీ చేతితోనే విప్పియ్యి. నాకు తెల్వకుండ మాత్రం చెయ్యకు. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు."

బాబురావు వచ్చీ రాగానే నవ్వాడు. "ఏందిరా, ఫోన్‌ల ఏనుగంత చెప్పినవ్! గింతే ఉన్నది!"

గోవర్ధన్ తాడు ముడి మీద చెయ్యి వేశాడు. విప్పలేదు. ఆ ముడిని ఇంకాస్త బిగించాడు.

"అమ్ముతలేను కాకా. సదర్‌కు తీస్కపోతున్నం."

"గీ పిల్లదాన్నా? నవ్వుతరు రా!"

"నవ్వనియ్."

నిజంగానే నవ్వారు. సదర్ నాటి సాయంత్రం బజారులో దున్నపోతులు గుట్టల్లా నిలబడ్డాయి. డప్పు మోగగానే మోతీ బెదిరి గోవర్ధన్ కాళ్ల మధ్య దూరింది. మెడలోని బంతిపూల దండ తెగి రాలిపోయింది.

"ఎవరిదిరా గీ ఎల్కపిల్ల?" అన్నాడు పక్క దున్నపోతు తాడు పట్టుకున్న ముసలి రామలింగయ్య.

గోవర్ధన్ తల ఎత్తలేదు. "ఉప్పుగూడ మైసయ్య కొడుకును తాతా."

ముసలాయన నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి మోతీ వీపు నిమిరాడు. "రాజా మైసయ్య కొడుకువా? మీ రాజా గూడ మొదటేడు గిట్లనే దడుసుకుండు బిడ్డా. మీ బాపు కాళ్లల్ల దూరి బయటికి రాలే. నేనే నవ్విన."

గోవర్ధన్ మోతీ మెడ మీద తల ఆనించాడు. ఆ నూనె వాసనలో, అంత జనంలో, తండ్రి పోయిన నాడు ఏడవని ఏడుపు ఏడ్చాడు. ఆండాలు తాడు రెండో కొస పట్టుకుని పక్కనే నిలబడింది.

శనివారం తెల్లవారింది. బీదర్ బస్సు వేళ దాటింది. ఆండాలు అడగకుండానే కొడుకు వచ్చి రెండో బర్రె కింద కూర్చున్నాడు.

"ఇంక యాదికొస్తుందమ్మా, పెద్ద టేబుల్."

"రానియ్ బిడ్డా. నాకు మాత్రం రాజా యాదికి రాడా?"

ఆమె చిన్న గిన్నె అతని ముందుకు జరిపింది. ఖాళీ గిన్నెలో మొదటి ధార గట్టిగా మోగింది. గుంజ దగ్గర మోతీ చెవులు నిక్కించింది.