ఎడారి సరస్సులో నేర్చుకోని విద్యార్థి

ఎడారిలో ఆనకట్ట కట్టి నిలబెట్టిన ఆ సరస్సుకు జనం ప్రశాంతత కోసం వస్తారు. పళ్ల డాక్టరు మాత్రం అక్క పోరు పడలేక వచ్చాడు. అక్కా బావా గొడుగు కింద చతికిలబడగానే, లైఫ్ జాకెట్ తగిలించుకుని ఒంటరిగా కయాక్ ఎక్కబోయాడు.

పడవలు నడపడం నేర్పే కోచ్ అతన్ని ఎగాదిగా చూసింది. “ఇంతకుముందు నడిపారా?”

“దీనికి నేర్చుకోవడం ఎందుకండీ? చిన్న పడవేగా.”

“నిజమే. నీళ్లు కూడా మామూలు నీళ్లే.”

ఇసుక దిబ్బల వైపు నుంచి గాలి లేచింది. పడవ బొంగరంలా తిరుగుతూ వెళ్లి అవతలి రెల్లు పొదల్లో ఇరుక్కుంది. ఆమె మోటార్ బోటులో వచ్చి తాడు విసిరింది.

“సీనరీ బాగుందా?”

“చాలా. నాలుగు వైపులా చూపించింది మీ పడవ.”

ఆమె నవ్వు దాచుకోవాలని తల తిప్పుకుంది. దాగలేదు.

అప్పటినుంచి డాక్టరుకు ప్రకృతి మీద విపరీతమైన ప్రేమ పుట్టింది. ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఆమె ఓపిగ్గా నేర్పేది. అతను అంతే ఓపిగ్గా నీళ్లలో పడేవాడు.

ఒక ఆదివారం గాలి హఠాత్తుగా పెరిగింది. ఒక ముసలి జంట ఎక్కిన పడవ ఆనకట్ట గేట్ల వైపు కొట్టుకుపోసాగింది. కోచ్ అప్పుడు అవతలి ఒడ్డున ఉంది. డాక్టరు తెడ్డందుకుని గీత గీసినట్టు వెళ్లి, వాళ్ల పడవను తాడుతో కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు. అప్పటికి కోచ్ కూడా మోటార్ బోటులో అక్కడికి చేరుకుంది.

“మీ దగ్గర పనిచేస్తాడా, తల్లీ?” అడిగింది ముసలావిడ.

“లేదండీ. నేర్చుకోవడానికి వస్తారు.”

“ఇంకా ఏం నేర్చుకోవాలి?”

వాళ్లు వెళ్లాక కోచ్ అతని వైపు తిరిగింది. “ఎప్పటినుంచి వచ్చు?”

“చాలా రోజులైంది.”

“మరి పోయిన వారం పడ్డారుగా?”

“అది బాగా ప్రాక్టీసు చేశాకే కుదిరింది.”

ఆమె నవ్వలేదు. “మీరు పడ్డ ప్రతిసారీ నా గుండె ఆగిపోయేది. మీకది ఆటా?”

డాక్టరు తెడ్డు కింద పెట్టాడు. “తప్పే. రోజంతా నోరు తెరుచుకుని జవాబు చెప్పలేని వాళ్లతోనే నా మాటలు. మీరొక్కరే నాకు ఎదురు చెప్పారు. నేర్చుకోవడం అయిపోతే రావడానికి వేరే సాకు లేదు. ఇకమీదట మీ కోసమే వస్తాను. వద్దంటే రాను.”

ఆమె తడి తాడు చుట్టి పక్కన పెట్టింది.

“రేపు నాకు సెలవు. నీళ్లు చూసి చూసి విసుగొచ్చింది. పొడి చోటెక్కడైనా ఉంటే తీసుకెళ్లండి.”

“చుట్టూ ఇసుకే. నడవాలంటే చాలా సేపు పడుతుంది.”

“పట్టనీండి,” అందామె.