జత మారని ఆట

ముందే చెప్తున్నా, ఒత్తులూ దీర్ఘాలూ తప్పు పడితే మన్నించండి. యాభై నాలుగో ఏట పలక పట్టినదాన్ని. చేయి నెమ్మది. ఇంత రాయడానికి పదకొండు దినాలు పట్టింది.

మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. మా నాయన తిప్పయ్య కోలాటం గురువు. చుట్టూ పది ఊళ్ళకు నేర్పినవాడు. ఎనభై మూడులో నాకు పద్దెనిమిదేళ్ళు. సంబంధాలు వస్తుండేవి. నాయన పొలం ఎంతని అడిగేవాడు కాదు, చదువెంతని అడిగేవాడు కాదు. "పిల్లోడు కోలాటమాడతాడా?" అదొక్కటే. అడుగు తప్పేవానికి పిల్లనియ్యనని నలుగురి ముందర చెప్పేసినాడు.

ఆ ఏడు మా ఊరి కుట్టు సెంటరుకు ఇంగ్లండు నుంచి జోన్ అనే ఆమె వచ్చింది. మేం జోనమ్మ అనేవాళ్ళం. వార్షికోత్సవానికి వాళ్ళ దేశం కట్టెల డాన్సు నేర్పుతానంది. ఎనిమిది మంది కావాల, ఏ ఆటా రానివాళ్ళయినా ఫరవాలేదంది.

ఏ ఆటా రానివాడంటే మా ఊర్లో ఎర్రిస్వామే. బోరింగులు రిపేరు చేసే మెకానిక్. నాయన ఆయనకు వరసకు మామే. కానీ భయం కొద్దీ ఎప్పుడూ "గురువుగారూ" అనే పిలిచేవాడు.

నలుగురు ఒక వరస, నలుగురు ఎదురు వరస. నేనూ చేరినా, నాకెదురుగా ఎర్రిస్వామి పడినాడు. చేతికొక లావుపాటి కానుగ కట్టె. పైన ఒక దెబ్బ, కింద ఒక దెబ్బ, మధ్యలో మూడు, తర్వాత ఒక ఎగురు. అంతే ఆట.

చిక్కేమంటే, మా ఊరోళ్ళ కాళ్ళకు కోలాటం అలవాటు. కోలాటంలో కొట్టగానే ముందుకు జరిగి ఇంకొకరితో కొట్టాల. ఈ ఆటలో జరగకూడదు. ఎదురుగా ఎవరుంటే చివరిదాకా వాళ్ళే. జోనమ్మ లెక్క మొదలుపెట్టగానే అందరూ గిర్రున తిరిగిపోయేవాళ్ళు.

"నిలబడండి! జత మారదు!" అని అరిచి అరిచి ఆమె గొంతు పోయింది.

కదలకుండా నిలబడింది ఎర్రిస్వామి ఒక్కడే. కోలాటం రాదు గదా, కాళ్ళకు పాత అలవాటు లేదు.

"చూడండి, ఈయన బెస్ట్!" అంది జోనమ్మ.

ఆ బెస్టు అప్పుడే నా వేలి మీద ఒకటి కొట్టినాడు.

"కళ్ళు యాడ పెట్టుకున్నావప్పా?" అన్నా.

"నీ పక్కే ఉండాయి. అందుకే కట్టె తప్పింది."

"బోరింగును చూసినట్ల కట్టెను చూడు."

"బోరింగు నన్నిట్ల ఉరిమి చూడదే!"

ఇంకో దినం నాలుగు చినుకులు పడినాయి. అందరూ ఆట వదిలి మొగులు పక్క చూసినారు. ఆయన నన్ను చూసినాడు. వాన సిగ్గుపడి ఆగిపోయింది.

అంతలో గుత్తి సంబంధం వచ్చింది. ఆ పిల్లోడు కోలాటంలో గట్టివాడంట. నాయన మురిసిపోయినాడు. వార్షికోత్సవం మరుసటి దినమే తాంబూలాలన్నాడు.

"మీ నాయనతో మాట్లాడతా," అన్నాడు ఎర్రిస్వామి.

"ఎప్పుడు?"

"ధైర్యం రానీ."

"ధైర్యం ఏ బస్సుకొస్తాది? తాంబూలాలకు ఇంక మూడు దినాలే."

ఆ రెండు దినాల్లో రెండుసార్లు ఇంటికొచ్చినాడు. రెండుసార్లూ "గురువుగారూ, బోరింగు బాగా పని చేస్తాందా?" అనడిగి పోయినాడు. మా ఇంట్లో బోరింగే లేదు.

వార్షికోత్సవం నాడు ఎర్రిస్వామి పక్కన నిలబడే మారెప్పకు జ్వరమొచ్చింది. జోనమ్మ నాయన దగ్గరికి పరుగెత్తింది. నాయన నవ్వినాడు.

"ఈ చిన్నపిల్లోళ్ళ ఆటకు నేర్చుకునేదేముంది? ఇటియ్యమ్మా కట్టె."

ఊరంతా కూర్చోనుండాది. మా ఊరి డోలాయన ఎర్రన్న దరువు మొదలుపెట్టినాడు. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో మూడు. ఎగిరినాం. ఎగిరీ ఎగరగానే నాయన కాళ్ళు పాత అలవాటు కొద్దీ పక్కకు జరిగినాయి. సరాసరి ఎర్రిస్వామికి తగులుకున్నాడు.

"జరుగురా ముందుకు!" అని భుజంతో తోసినాడు.

ఎర్రిస్వామి జరగలేదు.

"జరగమంటే నీక్కాదూ?"

"నేను జరగను మామా! రామలక్ష్మి నా జత!"

డోలు ఆగిపోయింది. ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎర్రిస్వామి మొహం సున్నం కొట్టినట్లయింది.

నాయన జోనమ్మ పక్క తిరిగినాడు. "తప్పెవరిదమ్మా?"

"మీదే గురువుగారూ," అంది ఆమె నవ్వుతా. పాపం, ఆమెకేం తెలుసు? నలభై ఏండ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు.

నాయన ఎర్రిస్వామిని కిందికీ పైకీ చూసినాడు. "మామా అంటివే. నోరు జారిందా?"

ఎర్రిస్వామి కాలు వెనక్కు పోలేదు. "లేదు మామా."

నాయన నన్ను చూసినాడు. నేను కట్టె ఎత్తి ఎర్రిస్వామికి ఎదురుగా పట్టుకున్నా.

నాయన చాలాసేపు మీసం దువ్వినాడు. గుత్తోళ్ళకు ఏం చెప్పాలని లోపల వెతుక్కుంటున్నాడో ఏమో. ఆఖరికి గొంతు సవరించుకున్నాడు.

"ఎర్రన్నా, డోలు మొదట్నించీ కొట్టు. ఈ ఆట నాకు రాలేదు." కట్టె చంకన పెట్టుకోని ఎర్రిస్వామి పక్క తిరిగినాడు. "ఏమప్పా అల్లుడా, నేను యాడ నిలబడల్ల?"

రామలక్ష్మమ్మ, ఎర్రిస్వామి భార్య
అరవై ఏండ్లు
ఇప్పుడుండేది కదిరిలో, కూతురి దగ్గర