దిగువకు పంపే వేడి

పదకొండో అంతస్తు ల్యాప్‌టాప్‌లు మళ్లీ కాగుతున్నాయి. నియంత్రణ గదిలో తెర మీద ఎర్రబడిన వరసను చూసి, వకుళ ఆవలిస్తూనే శీతనాళాన్ని మరో మెట్టు తెరిచింది. పైన డైరెక్టర్ పినాకపాణి మనుషులు వార్షికోత్సవానికి ఆయన బొమ్మను కదిలే చిత్రంగా తయారు చేస్తున్నారు. బొమ్మలో ఆయనకు జుట్టు ఎక్కువ, పొట్ట తక్కువ. ఆ అబద్ధాన్ని అల్లడానికి పొద్దుటి నుంచి వందల ప్రాసెసర్లు మండిపోతున్నాయి.

రామగుండం ధవళసౌధంలో ల్యాప్‌టాప్‌లకు ఫ్యాన్లు పీకేసి చాలా ఏళ్లయింది. వాటి రొద అధికారుల ఆలోచనలకు అడ్డొస్తుందట. ఆ ఆలోచనలేపాటివో రోజూ చూసే వకుళకు ఆ మాట తలచుకుంటేనే వెగటు. ఇప్పుడు ప్రతి బల్లకూ ఒక నాళం. ప్రాసెసర్‌ను అంటుకున్న రాగిపలక వేడిని పీలుస్తుంది. నాళంలోని ద్రవం దాన్ని మోసుకుని కిందికి పోతుంది. కింది అంతస్తుల్లో తాపగ్రాహులు కాపురాలుంటారు. వాళ్లకు అద్దె లేదు. బదులుగా ఆ నాళాలు వాళ్ల గోడల్లోంచి వెళ్లి వేడిని అక్కడే వదులుతాయి.

పైవాళ్లు దీన్ని చల్లదనం తయారు చేయడం అంటారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా అదే మాట. వేడి మాయమవదని, ఇక్కడ తగ్గితే ఇంకెక్కడో పెరుగుతుందని వాళ్లకు తెలియక కాదు. తెలుసని ఒప్పుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. వకుళకు తన మీద కూడా అంతకంటే గొప్ప అభిప్రాయమేమీ లేదు. మెట్టు మెట్టుగా తెరిచేది తనే కదా.

మధ్యాహ్నం ఓదెమ్మ అనే తాపగ్రాహి నియంత్రణ గదికి వచ్చింది. రాకూడదని ఆమెకూ తెలుసు. అందుకే గుమ్మం దాటకుండా నిలబడింది.

"మేడం, నా బిడ్డ మొన్న కన్నది. పసిగుడ్డును గోడకు దూరంగ పండవెడుదామంటే అర్రల జాగ లేదు. ఒళ్లంత పొక్కులొచ్చినయి. జెర తగ్గియ్యున్రి."

వకుళ డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన శాంతంగానే విన్నాడు. సాయంత్రం ఉత్సవం అయ్యేదాకా తగ్గించడం కుదరదన్నాడు. పిల్లలకు త్వరగా అలవాటైపోతుందన్నాడు. ఆ ఇంటికి మజ్జిగ ప్యాకెట్లు పంపిస్తానని, ఇంకో మెట్టు తెరవమని చెప్పి, చివరికి బొమ్మలో తన జుట్టు సహజంగా ఉందా అని అడిగాడు.

వకుళ ఫోన్ పెట్టేసి లేచింది. నాళాలన్నిటినీ ఒకేసారి మూసే ప్రధాన చక్రాన్ని గోడ దగ్గర పట్టుకుని తిప్పబోయింది. ఇంతవరకు ఎవరూ దాన్ని తిప్పలేదు. అది కదల్లేదు. ఓదెమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గుమ్మం దాటి వచ్చి తనూ చెయ్యి వేసింది. చక్రం కిర్రుమంటూ తిరిగి బిగుసుకుంది.

ల్యాప్‌టాప్‌కు ఆమాత్రం బుద్ధి ఉంది. మరీ కాగితే పని తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది. పై అంతస్తుల్లో యంత్రాలు వరసగా నెమ్మదించాయి. డైరెక్టర్ బొమ్మ సగం జుట్టుతో ఆగిపోయింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఏమైంది? గది ఉడికిపోతోంది."

"వేడి మీ దగ్గరే ఉంది సార్. కిందికి పంపడం లేదు."

"ఎవరి అనుమతితో?"

ఎవరిదీ కాదని చెప్పింది. ఉద్యోగం పోయిందని, సెక్యూరిటీని పంపిస్తున్నానని ఆయన అరుస్తుంటే, ఆ గొంతులో చెమట పట్టిన మనిషిని వకుళ మొదటిసారి విన్నది. జాలి మాత్రం కలగలేదు. ఓదెమ్మను వెనక మెట్ల మీదుగా పంపేసి, తలుపు గడియ వేసుకుని కూర్చుంది.

బయట బూట్ల చప్పుడు వినిపిస్తుండగా మళ్లీ ఫోన్. పక్క సౌధంలో ఇదే పని చేసే రుక్సానా.

"మీ దిక్కు మిషన్లన్నీ నెమ్మదించినయట. ఖరాబైనయా?"

"లేదు. నేనే బంద్ చేసిన."

తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. అప్పుడు రుక్సానా గొంతు బాగా తగ్గించి, చక్రం ఎటు తిప్పాలని అడిగింది.

"కుడికి," అంది వకుళ. "ఒక్కదానితోని కాదు. కింది నుంచి ఎవరినన్న పిలుచుకో."